వాన చప్పుడుకు వణుకు వస్తోంది, నాకు విశ్వాసం లేదా? బుడమేరు వరద చూసిన ఒక తల్లికి జవాబు

వందనాలమ్మా.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతా చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా మళ్ళీ చెప్తాను. మీది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు మీరు, మీ ఆయన, ఏడేళ్ళ బాబు పై పోర్షన్‌లో ఉన్న ముస్లిం కుటుంబం దగ్గర నాలుగు రోజులు ఉన్నారు. ప్రాణాలు దక్కాయి, కింద ఇంట్లో ఒక్క వస్తువు మిగల్లేదు. ఏడాది కావస్తున్నా రాత్రిపూట వాన చప్పుడు వింటే చేతులు వణుకుతున్నాయి, లేచి గుమ్మం దగ్గర టార్చి వేసి చూసుకుంటున్నారు. ప్రార్థన కూటంలో ఒకరు "భయపడుతున్నావంటే విశ్వాసం లేనట్టే" అన్నారు. తలుపు మీద అంటించుకున్న 91వ కీర్తన స్టిక్కరుకు అడ్డంగా బురద గీత ఉండిపోయింది, అది చూసినప్పుడల్లా దేవుడి మీద కోపం వస్తోంది. సండే స్కూల్లో, చెడ్డవాళ్ళను దేవుడు జలప్రళయంతో నాశనం చేసిన నోవహు కథ విన్న బాబు ఇంటికొచ్చి "మనం చెడ్డవాళ్ళమా అమ్మా?" అని అడిగాడు. చర్చిలో కూర్చుంటే ఏడుపు ఆగడం లేదని వెళ్ళడం మానేశారు. "అందరూ ప్రభువులో ఆదరణ ఉంది అంటారు, అది నాకెందుకు దొరకడం లేదు?" అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీ వణుకు అవిశ్వాసం కాదు. భయం పోయాక వచ్చేది మాత్రమే ఆదరణ అనుకుని మీరు ఎదురుచూస్తున్నారు, అందుకే దొరకడం లేదనిపిస్తోంది. నేను చూసినంతలో అది భయం ఉండగానే వస్తుంది. చాలాసార్లు వాక్యం రూపంలో కాకుండా ముందు అన్నంగా, నిద్రగా, పక్కన కూర్చునే మనిషిగా వస్తుంది. మీ కోపంతో, మీ ఏడుపుతో అలాగే దేవుడితో మాట్లాడొచ్చు. బైబిల్లో అలా మాట్లాడినవాళ్ళు చాలామంది ఉన్నారు.

నా గురించి రెండు మాటలు. నాకు యాభై ఏడేళ్ళు, ముప్పై ఏళ్ళుగా పాస్టరుగా ఉన్నాను. పుట్టింది దివిసీమలో. 1977 నవంబరు 19 శనివారం నాటి ఉప్పెన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖపట్నంలో పరిచర్య చేస్తున్నాను. పోయినేడు మీ సింగ్ నగర్‌లోనే మా సంఘం పిల్లలతో కలిసి ఇళ్ళలో బురద ఎత్తాను. కాబట్టి పుస్తకంలో చదివి చెప్పే మాటలు కావివి.

మీ వణుకు సంగతి. చీకట్లో, కరెంటు లేకుండా, నీళ్ళు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే చూసిన ఒళ్ళు మీది. ఆ రాత్రి వాన చప్పుడంటే ప్రమాదమని అది నేర్చుకుంది. మనసు నమ్మిన సంగతి ఒంటికి చేరడానికి టైం పడుతుంది. మా అమ్మ సంగతే చెప్తాను. మా ఊరు సముద్రానికి కాస్త లోపల, అందుకని నీళ్ళు ఛాతీ దాకా వచ్చి ఆగాయి. అమ్మ నన్నూ మా చెల్లినీ గుడి కిటికీ అరుగు మీద నిలబెట్టి రాత్రంతా పట్టుకుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు, నవంబరు నెలలో తూర్పు గాలి గట్టిగా వీస్తే అమ్మ పడుకునేది కాదు. ఆమె ట్రంకు పెట్టెలో బైబిలు, దాని పక్కనే కొబ్బరి తాడు చుట్ట ఉండేవి. ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా ప్రార్థన కోసం ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమెకు విశ్వాసం లేదని ఆ తాడు చూసి ఎవరైనా అంటే ఊరు నవ్వి ఉండేది.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఏడో అధ్యాయం తీయండి. "మా శరీరము ఏమాత్రమును విశ్రాంతి పొందలేదు... వెలుపట పోరాటములు, లోపట భయములు ఉండెను" అని రాసుకున్నాడు. పౌలుకి లోపట భయాలు! ఒంటికి విశ్రాంతి లేదట. మీరు నాకు రాసినదానికీ ఆ మాటకూ పెద్ద తేడా కనిపించలేదు. "భయపడకుము" అన్న మాట బైబిల్లో 365 సార్లు ఉందని, రోజుకొకటని మన చర్చిల్లో చెప్తుంటారు. ఆ లెక్క సరైనది కాదమ్మా, లెక్కపెడితే అన్ని రావు. చాలాసార్లు ఉన్న మాట నిజమే. అయితే ఆ మాట ఎవరితో అన్నారో చూడండి, ఎక్కువగా భయపడుతున్నవాళ్ళతోనే. పసిబిడ్డ నిద్రలో ఉలిక్కిపడితే తల్లి వీపు నిమురుతూ "భయం లేదు, నేనున్నా" అంటుంది చూశారా, ఆ గొంతుతో అన్న మాట అది. తప్పు పట్టే గొంతు కాదు.

ఇక మీ తలుపు మీది స్టిక్కరు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ బాధ అసలు అక్కడుందని నాకు అనిపిస్తోంది.

"నీకు అపాయమేమియు రాదు, ఏ తెగులును నీ గుడారమును సమీపించదు" అని ఆ కీర్తనలో ఉంది. మీ గుడారంలోకి నీళ్ళొచ్చాయి. దేవుడు మాట తప్పాడనిపించడం సహజం. సువార్తల్లో ఈ కీర్తనను ఒకసారి సాతాను వాడుకున్నాడు. మత్తయి నాలుగో అధ్యాయంలో యేసుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దేవదూతలు పట్టుకుంటారని రాసి ఉంది కదా అని ఈ కీర్తన నుంచే చెప్పాడు. యేసు దూకలేదు. ఆ కీర్తన అబద్ధమనీ అనలేదు. దాన్ని ఇన్సూరెన్స్ కాగితంలా పట్టుకుని దేవుణ్ణి పరీక్షించడానికి మాత్రం ఒప్పుకోలేదు. మనం తెలియక చేస్తున్నది అదే. తలుపుకి అంటించేస్తే ఇంటికి ఏమీ కాదనుకుంటున్నాం.

అదే కీర్తన చివరికి వచ్చేసరికి పదిహేనో వచనంలో "శ్రమలో నేనతనికి తోడై యుండెదను" అని ఉంటుంది. శ్రమే రాకపోతే శ్రమలో తోడుండటం ఎందుకు? రాసినవాడికి శ్రమ వస్తుందని తెలుసు. ఆ కీర్తన మొత్తానికి తాళంచెవి ఈ పదిహేనో వచనమని నా నమ్మకం. స్టిక్కర్లు ప్రింటు చేసేవాళ్ళు దాన్ని వేయరు, నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మీకు స్టిక్కరు పీకేయాలనిపిస్తే పీకేయండి, దేవుడేమీ అనుకోడు. ఉంచుకోవాలనిపిస్తే ఆ బురద గీత తుడవకండి. దాని కింద మీ చేతిరాతతో ఆ పదిహేనో వచనం రాయండి. మీ పేటలోనే ఒక కుటుంబం బొగ్గుతో గోడ మీద అలా రాసుకుంది. ఇల్లు సున్నం వేసినప్పుడు ఆ చోటు వదిలేసి వేశారు.

దీనికి ఆనుకునే ఇంకో మాట. నా వల్ల జరిగిన తప్పు ఇది. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, ఆదివారం నాడే వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం ఊరంతా పడిపోయిన చెట్ల మధ్య నుంచి జనం నడిచి ఆరాధనకు వచ్చారు. నేను కృతజ్ఞతా ప్రసంగం చేశాను. దేవుడు మన గుడి పైకప్పు కాపాడాడు, మా ఇంటి మీద చెట్టు పడబోయి పక్కకు పడింది అని సాక్ష్యం చెప్పాను. మధ్యలో ఒకామె లేచి బయటికి వెళ్ళిపోయింది. గోడ కూలి ఆమె తమ్ముడు చనిపోయాడని నాకు తెలుసు. తెలిసి కూడా ఆలోచించకుండా మాట్లాడాను.

సోమవారం వాళ్ళింటికి వెళ్ళాను. "అయ్యగారూ, దేవుడు మీ ఇంటిని చూసుకున్నాడు సరే, మా తమ్ముణ్ణి మర్చిపోయాడేటి?" అంది. నా దగ్గర జవాబు లేదు. చాపమీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆమే టీ పెట్టి ఇచ్చింది. వెళ్ళేటప్పుడు "నిన్న కూడా ఇలాగ మాట్లాడకుండా ఉండుంటే బాగుణ్ణు" అంది. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని, మొదటి ఏడు రోజులు నోరు మూసుకుని నేలమీద అతని పక్కన కూర్చోవడం. నోరు తెరిచాకే పాడుచేశారు. అది ఎన్నిసార్లు ప్రసంగించానో, ఆ రోజే అర్థమైంది.

అందుకే మీ కూటంలో అలా అన్నామె మీద కోపం పెట్టుకోకండి. ఆమె కూడా భయపడి ఉంటుంది. మీకు జరిగినదానికి కారణం మీలో ఏదో ఉందని తేలితే తనకు జరగదని ధైర్యం. చాలామంది అలా మాట్లాడేది ఆ ధైర్యం కోసమే. మీరు మాత్రం ఆ మాటను ఇంటికి తెచ్చుకోకండి.

శిక్షేమో అన్న అనుమానం మీరు నేరుగా రాయలేదు కానీ బాబు ప్రశ్నలో ఉంది. దీనికి యేసే జవాబు చెప్పాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్ళు యెరూషలేములో ఉన్న మిగతావాళ్ళందరికంటే పెద్ద అపరాధులనుకుంటున్నారా అని అడిగి, "కారు" అని ఆయనే చెప్పాడు. లూకా పదమూడో అధ్యాయం. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. ఆగస్టు 31న కుండపోతగా వాన పడింది, గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద నడుస్తోంది. నీళ్ళకు పోయే దారి లేక పల్లంలోకి వచ్చాయి. మీ వీధిలో చర్చిలోకీ వచ్చాయి, మసీదులోకీ వచ్చాయి, గుళ్ళోకీ వచ్చాయి. "నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. నీళ్ళు పాపాన్ని వెతుక్కుంటూ రాలేదమ్మా.

బాబు విషయానికి వస్తాను. ఇది మీరు వాయిదా వేయకండి.

ముందు వాడికి సూటిగా "కాదు నాన్నా, మనం చెడ్డవాళ్ళమని నీళ్ళు రాలేదు" అని చెప్పండి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పండి. నోవహు కథ ఆదికాండము తొమ్మిదో అధ్యాయం దాకా చదివించండి. సండే స్కూల్లో టైం సరిపోక చాలాసార్లు ఓడ, జంతువులు, వాన దగ్గర ఆపేస్తారు. లోకమంతటినీ మళ్ళీ అలా నీళ్ళతో నాశనం చేయనని దేవుడు మాటిచ్చి, మేఘంలో ధనుస్సు పెట్టింది అక్కడే. వరద అంటే శిక్ష అన్న లెక్కను దేవుడే అక్కడ మూసేశాడని నేను పిల్లలకు చెప్తాను. టీచరుతో కూడా ఒక మాట చెప్పండి. వరద చూసిన పిల్లలున్న క్లాసులో ఆ కథ ఎలా చెప్పాలో ఆమెకు తట్టి ఉండకపోవచ్చు, చెప్తే అర్థం చేసుకుంటుంది.

ఒక్కటి మాత్రం చేయకండి. "ఇంకెప్పుడూ నీళ్ళు రావు" అని మాటివ్వకండి. అది మనకు తెలియదు. రేపు వీధిలో చీలమండ దాకా నీళ్ళు నిలిస్తే చాలు, వాడు మిమ్మల్నీ దేవుణ్ణీ కలిపి నమ్మడం మానేస్తాడు. "వస్తే ఏం చేయాలో అమ్మకు, నాన్నకు తెలుసు. దేవుడు మనతో ఉంటాడు, పైన మామ్మ వాళ్ళు ఉంటారు" అనండి.

దానికి తోడు వాడితో కలిసి ఒక పని చేయండి. ఒక బ్యాగు తీసుకుని దానికి "మన ఓడ" అని పేరు పెట్టండి. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం జిప్ కవరులో, మందులు, టార్చి, పవర్ బ్యాంక్, బిస్కెట్లు, రెండు నీళ్ళ సీసాలు, ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి అందులో పెట్టండి. వాడికిష్టమైన బొమ్మ వాడి చేతే పెట్టించండి. అటక మీద ఉంచండి. పోయినేడు ముగ్గురు నలుగురు తల్లులకు ఈ మాట చెప్పాను. ఒక పిల్లాడు వాన పడ్డప్పుడు ఏడవడం మానేసి, ఓడ చోటులో ఉందా లేదా అని చూసొచ్చి పడుకుంటున్నాడని వాళ్ళమ్మ చెప్పింది.

ఇలా సర్దుకుంటే దేవుణ్ణి నమ్మనట్టని ఎవరైనా అంటే హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం ఏడో వచనం చూపించండి. నోవహు విశ్వాసాన్నిబట్టి తన ఇంటివారి రక్షణ కోసం ఓడ సిద్ధం చేశాడని ఉంది. చెక్క కోసి, తారులాంటి కీలు పూసి కష్టపడ్డాడు. ఆ కష్టాన్నే అక్కడ విశ్వాసం అన్నారు. మా అమ్మ కొబ్బరి తాడు కూడా నా లెక్కలో అదే.

ఇప్పుడు మీ రాత్రుల గురించి.

ఏలీయా ప్రవక్త కథ మీకు తెలుసు. చావే మేలని బదరీ వృక్షం కింద పడుకున్నాడు. అప్పుడు దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి లేపాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. గాలి, భూకంపం, మెరుపు, వాటి తర్వాత "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" వినబడింది ఆ తర్వాత ఎన్నో రోజులకు. ముందు అన్నం, నిద్ర. ఆ తర్వాతే స్వరం. ఆ వరుస నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. మీరు వాన రాత్రుల్లో తినకుండా, పడుకోకుండా, మోకాళ్ళ మీద ఉండి దేవుడు మాట్లాడటం లేదని బాధపడుతున్నారు. తినండి తల్లీ. ఆ రాత్రి మీ ఆయన ఒక పూట, మీరు ఒక పూట మెలకువగా ఉండేట్టు పంచుకోండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా "నాతోకూడ మెలకువగా నుండుడి" అని శిష్యులను అడిగాడు. ఆయనే ఒంటరిగా ఉండలేనని అడిగినప్పుడు మీరు మీ ఆయన్ని అడగడానికి మొహమాటం ఎందుకు?

గుమ్మం దగ్గరికి వెళ్ళి చూడటం ఒకేసారి మానలేరు. ఒక్కసారి చూడండి, నీళ్ళు లేవని పైకి అనండి, వచ్చి కూర్చోండి. అప్పుడు పొడుగు ప్రార్థనలు వద్దు. 56వ కీర్తనలో "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అని ఉంది. ఊపిరి లోపలికి తీసుకుంటూ సగం, మెల్లగా వదులుతూ సగం అనండి. పది సార్లు, ఇరవై సార్లు. ఆ వచనంలో భయం ఉంది, ఆశ్రయం కూడా ఉంది. ఒకటి పోతేనే ఇంకొకటి అని లేదు. పెద్ద ప్రార్థన పగలు చేసుకోండి, వెలుతురులో, వాన లేని రోజున.

ఏ కీర్తనలు చదవాలంటే, నేను చెప్పే వరుస కొందరు పాస్టర్లకు నచ్చదు. అందరూ ముందు 46వ కీర్తన ఇస్తారు. "నడిసముద్రములలో పర్వతములు మునిగినను... మనము భయపడము." గొప్ప కీర్తన. కానీ భయంతో వణుకుతున్న మనిషి చేత "మనము భయపడము" అని చదివిస్తే తను దొంగమాట చెప్తున్నట్టు ఉంటుంది. నేను 69తో మొదలుపెడతాను. "దేవా, జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి నన్ను రక్షింపుము." సింగ్ నగర్‌లో ఒక పెద్దావిడకు ఇది చదివి వినిపిస్తే "ఇది ఎవరు రాశారు, వాళ్ళింట్లోకి కూడా వచ్చాయా నీళ్ళు?" అని అడిగింది. తర్వాత 88. బైబిల్లో వెలుగు లేకుండా ముగిసే కీర్తన అది. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆపేశాడు. దేవుడు అటువంటి మాటను కూడా తన గ్రంథంలో ఉండనిచ్చాడంటే మీ కోపం ఆయన మోయలేడా? కోపం ఉన్న రోజు 88 చదవండి, కింద మీ సొంత మాటల్లో నోటుబుక్కులో రాయండి. "నువ్వెక్కడున్నావు" అని రాయాలనిపిస్తే రాయండి. ఆ ప్రశ్న కూడా ప్రార్థనే, ఆయన వింటాడన్న ఆశ ఉంటేనే అలా అడగగలం.

46 తర్వాత చదువుకుందురుగాని, చదివినప్పుడు నాలుగో వచనం దగ్గర ఆగండి. పైన నీళ్ళు ఘోషించి నురుగు కడుతుంటాయి, ఇక్కడికొచ్చేసరికి "ఒక నది కలదు, దాని కాలువలు" దేవుని పట్టణాన్ని సంతోషపెడుతున్నాయి. నది, కాలువలు! బెజవాడలో ఉన్నవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. మనల్ని ముంచినవీ నీళ్ళే, ఏలూరు కాలువలో, బందరు కాలువలో పారి మనకు అన్నం పెట్టేవీ నీళ్ళే. నీళ్ళంటేనే భయం పట్టుకున్నవాళ్ళను పగటిపూట, ఎండ ఉన్నప్పుడు, ప్రశాంతంగా పారే కాలువ గట్టు మీదికి తీసుకెళ్ళి ఈ వచనం చదివించాను. ఇద్దరికి మేలు చేసింది, ఒకామెకు ఇంకా భయమేసి వెంటనే వెనక్కి వచ్చేశాం. కాబట్టి మీరు సిద్ధంగా ఉన్నారనిపించినప్పుడే, ఎవరినైనా తోడు తీసుకుని వెళ్ళండి.

మార్కు నాలుగో అధ్యాయంలో, యేసు పడవలో నిద్రపోతుండగా వచ్చిన తుపాను కథ మీకు చాలామంది చెప్పే ఉంటారు. ఆయన శిష్యులను గద్దించాడు కదా, "మీరింకను నమ్మికలేక యున్నారా" అని, కాబట్టి భయం తప్పే కదా అంటారు. వరుస చూడండి. "మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" అని వాళ్ళు అరిచారు. మర్యాదగా అడిగిన మాట కాదది. ఆయన లేచి ముందు గాలిని ఆపాడు, ఆ తర్వాతే వాళ్ళతో మాట్లాడాడు. నమ్మిక సరిగ్గా ఉంటేనే ఆపుతానని అనలేదు. ఆ అరుపు చాలు ఆయనకు.

పౌలు దగ్గరికి ఒకసారి మళ్ళీ వెళ్దాం. లోపట భయాలున్నాయన్న తర్వాతి వాక్యమే "దీనులను ఆదరించు దేవుడు తీతు రాకవలన మమ్మును ఆదరించెను." దర్శనం కాదు, స్వరం కాదు. తోటి పనివాడు తీతు వచ్చాడు, అంతే. మీ తీతు ఎవరమ్మా? మీరు రాసినదాంట్లోనే ఉంది. వరద రాత్రి తలుపు తీసి లోపలికి రమ్మన్నవాళ్ళు, ఉన్న కొద్ది బియ్యం వండి ముందు మీ బాబుకు పెట్టినవాళ్ళు, వాళ్ళ నమాజు చాప మీదే మీ బాబును పడుకోబెట్టినవాళ్ళు. మీరు ఆ సంగతి రెండు లైన్లలో రాసి వెళ్ళిపోయారు. నాకు మాత్రం మీ ఉత్తరమంతటిలో దేవుడు నేరుగా కనిపించింది అక్కడే. ఆదరణ దొరకలేదన్నారు కదా, నాలుగు రోజులు దాని ఇంట్లోనే ఉన్నారు.

సెప్టెంబరు 1 దగ్గరపడుతోంది. ఆ తారీఖు వచ్చే వారంలో వణుకు, కలలు ఎక్కువవుతాయి, ముందే తెలిసి ఉంటే కంగారుపడరు. ఆ రోజు ఒంటరిగా ఉండకండి. ఏదైనా వండుకుని మేడమీదికి వెళ్ళి వాళ్ళతో కలిసి తినండి. మీకూ వాళ్ళకూ అదే మంచి స్మారక కూడిక. వరద వీడియోలు, అంత్యదినాలు వచ్చేశాయంటూ తిరిగే వాట్సాప్ ఫార్వర్డులు ఆ వారం చూడకండి. మత్తయి ఇరవై నాలుగులో భూకంపాల మాట చెప్పిన యేసే ఆ మాటకు ముందు "కలవరపడకుండ చూచుకొనుడి" అన్నాడు. కలవరపెట్టడానికి ఆ అధ్యాయం వాడేవాళ్ళ మాట వినక్కర్లేదు.

మీ ఆయన దాని గురించి అసలు మాట్లాడటం లేదని ఒక మాట రాశారు. మగవాళ్ళు ఎక్కువమంది అంతే. మాట్లాడమని బలవంతపెట్టకండి, బ్యాగు సర్దేటప్పుడు పిలవండి. చేతులతో పని చేస్తుంటే నోరు తెరుస్తారు.

ఇక డాక్టరు సంగతి. నిద్ర వారాల తరబడి సరిగ్గా లేకపోతే, పగలు కూడా ఆ నీళ్ళు కళ్ళముందు కదులుతుంటే, బాబును స్కూలుకు పంపడం, వంట చేయడం కూడా కష్టమవుతుంటే, బతకడం వద్దనిపిస్తే, ఆగకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్ నంబరు 14416, ఫోను ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేను చాలామందిని పంపాను, ఇద్దరితో నేనే వెళ్ళాను. మందులు వాడితే విశ్వాసం తగ్గినట్టు కాదు. అపొస్తలుల కార్యములు ఇరవై ఏడో అధ్యాయంలో ఊరకులోను అనే పెనుగాలికి 276 మంది ఉన్న ఓడ పద్నాలుగు రోజులు కొట్టుకుపోయింది. "ప్రాణములతో తప్పించుకొందుమను ఆశ బొత్తిగా పోయెను" అని అందులో ఉన్న ఒకాయనే రాశాడు. ఆయన లూకా. పౌలు ఆయన్ని "ప్రియుడైన వైద్యుడు" అంటాడు. ఆ తుపానులో అపొస్తలుడి పక్కన ఒక డాక్టరు ఉన్నాడు. మీ పక్కన ఒకరుంటే తప్పేంటి?

చివరిగా చర్చి. వెళ్ళండి, కానీ ఇంతకుముందులా వెళ్ళక్కర్లేదు. వెనక వరసలో, తలుపు పక్కన కూర్చోండి. ప్రసంగం భరించలేకపోతే బయట అరుగు మీద కూర్చుని, రొట్టె పంచుకునే ప్రభువు బల్ల వేళకు లోపలికి రండి. అక్కడ మీరు ధైర్యంగా ఉన్నట్టు కనిపించాల్సిన పనిలేదు, సాక్ష్యం చెప్పాల్సిన పనిలేదు. చెయ్యి చాపితే చాలు, వణికే చేతిలోనూ రొట్టె పెడతారు. మీ పాస్టరుగారికి విషయం ముందే చెప్పి ఉంచండి.

ఏడుపు వస్తే రానివ్వండి. మా నాన్న పల్లెల్లో ఉపదేశిగా ఉండేవారు. ఉప్పెన తర్వాత వారాల పాటు కింది ఊళ్ళలో శవాలను పూడ్చడానికి వెళ్ళొచ్చారు. అధికారిక లెక్కే పది వేలకు దగ్గర, మాకు తెలిసిన లెక్క అంతకంటే ఎక్కువ. ఆ తర్వాత చాలా నెలలు ఆయన ప్రసంగం చేయలేదు. ఆదివారం పూట ఒక కీర్తన మాత్రం చదివేవారు. చదువుతుండగా ఎవరో ఒకరు ఏడుపు మొదలుపెట్టేవాళ్ళు, అది గుడంతా పాకేది. నాన్న ఎవరినీ ఊరుకోమనేవారు కాదు. చదవడం ఆపి, వేలు ఆ వచనం మీద ఉంచుకుని, ఏడుపు తగ్గేదాకా అలాగే నిలబడేవారు. తర్వాత ఆపిన చోటు నుంచే మళ్ళీ చదివేవారు.